బ్యాటరీ అరిగితే ఫోన్ పారేయాలా?



2007 ఆగస్టు నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేతిలోని నోకియా ఫోన్‌ను బోర్లించి, బొటనవేలితో వెనక మూత జరిపి, బ్యాటరీ బయటికి తీసి, దాని మీద ముద్రించిన నంబరును జాగ్రత్తగా చదువుకున్న రోజులవి. బీఎల్-5సీ అనే రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉండగా మితిమీరి వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా అప్పుడు ప్రకటించింది. 2005 డిసెంబరుకూ 2006 నవంబరుకూ మధ్య జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన సరుకు అది. మన దేశంలో గగ్గోలు పుట్టింది. ఫోన్ పేలుతుందట అన్న మాట ఊరూరా తిరిగింది. సర్వీస్ సెంటర్ల ముందు జనం గుమిగూడారు.

ఆ గగ్గోలు ఎలా సద్దుమణిగిందో చూడండి. నంబరు సరిపోలినవాళ్లకు పాత బ్యాటరీ తీసుకుని కొత్తది ఉచితంగా ఇచ్చారు. అంతే. ఫోన్ యజమాని జేబులోనే ఉంది. అందులోని నంబర్లు, మెసేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తొమ్మిదేళ్లు గడిచాయి. 2016 ఆగస్టులో శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే ఖరీదైన ఫోన్ విడుదల చేసింది. కొద్దిరోజులకే కొన్ని ఫోన్లు కాలిపోయాయి. సెప్టెంబరులో కంపెనీ దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. వేరొక తయారీదారు బ్యాటరీలు వేసిన ఫోన్లను బదులుగా ఇచ్చింది. వాటిలోనూ కొన్ని కాలాయి. మన దేశంలో అమ్మకాలు ఇంకా మొదలే కాలేదు, అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. 2017 జనవరిలో కంపెనీ తానే కారణం చెప్పింది. మొదటి తయారీదారు బ్యాటరీలో ఒక మూల ఇరుకై లోపలి పొర నొక్కుకుపోయింది. రెండో తయారీదారు బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొన అడ్డుపొరను పొడిచింది. అంటే తెర బాగుంది, కెమెరా బాగుంది, లోపలి చిప్పు బాగుంది. జబ్బు బ్యాటరీది. కానీ ఆ బ్యాటరీ జిగురుతో లోపల అతికి ఉంది, దాని పైన గాజు పలక మరో జిగురుతో అతికి ఉంది. అందుకని ఫోన్లకు ఫోన్లే వెనక్కి వెళ్లాయి.

బ్యాటరీ విడిగా ఉంటే మంట వచ్చేది కాదని నేను అనడం లేదు. లోపమున్న బ్యాటరీ ఎక్కడున్నా కాలుతుంది. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. ఫోన్‌లోని భాగాలన్నిటిలోనూ ముందుగా అరిగిపోయేది బ్యాటరీ. అది అరుగుతుందని తయారుచేసినవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు. అటువంటప్పుడు దాన్ని మార్చుకునే దారి కొనుక్కున్నవాడి చేతిలో ఉండాలి. ఈ పూట నేను మీ ముందు పెట్టదలుచుకున్న మాట ఇదే.

పాత ఫోన్లను ఒకసారి తలుచుకుందాం. నోకియా 1100 మోడల్ 2003లో వచ్చింది. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని నెత్తిన చిన్న టార్చిలైటు, లోపల బీఎల్-5సీ బ్యాటరీ. ఆ కాలంలో ఖరీదైన ఫోన్ అనిపించుకున్న నోకియా 6600లోనూ అదే బ్యాటరీ. పొలానికి వెళ్లే రైతు ఫోన్‌కూ, నగరంలో ఆఫీసరు ఫోన్‌కూ ఒకే కొలత బ్యాటరీ సరిపోయేది. ఊళ్లో ఏ చిన్న కొట్లో అడిగినా దొరికేది. ఆ ఫోన్లు పోయినా ఆ కొలత పోలేదు. చిన్న స్పీకర్లు, చేతి రేడియోలు ఎన్నో ఇప్పటికీ ఆ బ్యాటరీ మీదే నడుస్తున్నాయి. మీలో కొందరు ఈ ప్రసంగం వింటున్న రేడియోలో కూడా అదే ఉండవచ్చు.

అప్పట్లో గోడ ప్లగ్గుకు నేరుగా గుచ్చే ఒక ఛార్జర్ ఉండేది. అటూఇటూ జరిపే రెండు ఇత్తడి ముళ్లు, ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే లైట్లు. ఏ కంపెనీ బ్యాటరీనైనా అందులో బిగించవచ్చు. ఒక బ్యాటరీ ఫోన్‌లో, ఇంకొకటి ఛార్జర్‌లో. ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో, రోజులో సగం సేపు కరెంటు లేని ఊళ్లలో దీని విలువ ఎంతో నేను చెప్పనక్కర్లేదు. ఫోన్ బిగుసుకుపోతే బ్యాటరీ తీసి పెట్టడమే వైద్యం. నీళ్లలో పడితే మొదట చేసే పని మూత ఊడదీసి బ్యాటరీ బయటికి లాగడం. అది ఇంట్లో పెద్దవాళ్లకూ తెలుసు, పిల్లలకూ తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. అటువంటి సమయంలో ఫోన్ బతికి ఉండడమంటే మనిషి బతికి ఉన్నట్టు అయినవాళ్లకు కబురందడమే. జేబులో నిండు ఛార్జింగ్‌తో రెండో బ్యాటరీ ఉన్నవాడికి ఇంకో రోజు మాట్లాడే అవకాశం ఉండేది. ఇప్పుడు ఆ పని పవర్ బ్యాంకు చేస్తోందంటారు. నిజమే, చేస్తోంది. కానీ పవర్ బ్యాంకు ఖాళీ అయిన బ్యాటరీని నింపుతుందే గాని, అరిగిన బ్యాటరీని బాగుచేయలేదు.

ఇంతకూ కంపెనీలు బ్యాటరీని లోపల ఎందుకు బిగించాయి? కేవలం లాభం కోసమే అని ఒక్క మాటతో తేల్చేయడం న్యాయం కాదు. వాళ్ల కారణాల్లో నిజమున్నవి ఉన్నాయి.

చేత్తో తీసే బ్యాటరీ చేతుల్లో పడాలి, జేబులో నలగాలి, తాళంచెవుల పక్కన దొర్లాలి. కాబట్టి దానికి గట్టి ప్లాస్టిక్ తొడుగు కావాలి. అది కూర్చునే గదికి గోడలు కావాలి, తగులు రేకులు కావాలి, మూతకు గొళ్లేలు కావాలి. ఇవన్నీ చోటు తింటాయి. లోపల అతికించే బ్యాటరీకి ఈ కవచం అక్కర్లేదు. పలుచని అల్యూమినియం రేకు సంచిలో పొరలు చుట్టి మూతి అతికేస్తే చాలు. అలా మిగిలిన చోటులో ఇంకొంత శక్తి నింపవచ్చు. ఆకారం కూడా ఇష్టం వచ్చినట్టు మలుచుకోవచ్చు. 2017లో వచ్చిన ఐఫోన్ 10లో రెండు బ్యాటరీ ముక్కలను ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో అమర్చారు. ఇవాళ మామూలు ధర ఫోన్‌లోనూ 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటోందంటే, మన పాత 1100లో ఉన్నది 850 అని గుర్తు చేసుకుంటే, చోటు ఎంత విలువైందో తెలుస్తుంది.

దొంగతనం సంగతీ ఉంది. వెనక మూత తెరుచుకునే ఫోన్ దొంగ చేతిలో పడితే క్షణంలో బ్యాటరీ ఊడుతుంది, ఫోన్ జాడ ఆగిపోతుంది. బిగించిన బ్యాటరీ ఉంటే వెతికి పట్టుకునేందుకు కాస్త సమయం దొరుకుతుంది. నకిలీల బెడదా చిన్నది కాదు. బీఎల్-5సీ పేరుతో అంగళ్లలో దొరికిన వాటిలో అసలువెన్నో, రక్షణ సర్క్యూట్ లేని నాసిరకాలెన్నో ఎవరికీ తెలిసేది కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అవి నిజంగానే ప్రమాదం.

ఈ కారణాలన్నీ ఒప్పుకుంటాను. వీటి వల్ల బ్యాటరీ ఫోన్ లోపలికి వెళ్లడాన్నీ ఒప్పుకుంటాను. అది ఇంకెప్పుడూ సులభంగా బయటికి రాకూడదనడాన్ని మాత్రం ఈ కారణాల్లో ఏదీ సమర్థించదు. లోపల ఉండడం ఒకటి, ఊడకుండా అతకడం ఇంకొకటి. రెండింటినీ కలిపి ఒకే సంగతిలా మనకు అలవాటు చేశారు. 2007 జూన్‌లో అమెరికాలో మొదటి ఐఫోన్ వెనక మూత లేకుండా వచ్చినప్పుడు అది వింత. 2014 నాటి శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5కు బ్యాటరీ చేత్తో తీయవచ్చు. మరుసటి ఏడాది వచ్చిన ఎస్6కు తీయలేం. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో మిగతా కంపెనీలూ దాదాపు అన్నీ అదే దారి పట్టాయి. కొనేవాళ్లను ఎవరూ అడగలేదు.

బ్యాటరీ ఎందుకు అరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను. ఈ సంగతి అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

లిథియం అయాన్ బ్యాటరీని మొదట 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లోపల రెండు పలకలుంటాయి. ఒక వైపు గ్రాఫైటు, మరో వైపు కోబాల్టు వంటి లోహాల ఆక్సైడు. మధ్యలో ఒక ద్రావణం, రెండూ తగలకుండా సన్నని అడ్డుపొర. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్యకు వెళ్లి కూర్చుంటాయి. ఫోన్ వాడుతుంటే తిరిగి అవతలికి వస్తాయి. వెళ్లినప్పుడల్లా కొన్ని అయాన్లు దారిలో చిక్కుకుపోతాయి. గ్రాఫైటు మీద ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉండాల్సిందే, అది లేకపోతే బ్యాటరీ నిలవదు. కానీ అది నెమ్మదిగా మందమవుతూ లిథియాన్ని తినేస్తుంది. ఇది లోపం కాదు. ఎంత మంచి బ్యాటరీకైనా ఇదే స్వభావం.

బ్యాటరీలో ఎంత పడుతుందో అంత మొత్తం ఖర్చు చేస్తే దాన్ని ఒక సైకిల్ అంటారు. ఈ రోజు సగం, రేపు సగం వాడినా ఒక సైకిలే. 500 సైకిళ్ల తర్వాత అసలు సామర్థ్యంలో 80 శాతం మిగలాలన్నది చాలాకాలంగా పరిశ్రమలో నడిచిన లెక్క. యాపిల్ కంపెనీ ఐఫోన్ 14 వరకు ఇదే చెప్పింది, ఐఫోన్ 15 నుంచి 1,000 సైకిళ్లు అంటోంది. రోజుకు ఒక సైకిల్ వాడే మనిషికి 500 సైకిళ్లంటే ఏడాదిన్నర కూడా నిండదు. అదే ఫోన్ తెర, చిప్పు, కెమెరా ఆరేడేళ్లు హాయిగా పనిచేస్తాయి. అంటే ఒక ఫోన్ తన జీవితంలో రెండు మూడు బ్యాటరీలు చూడగలదు, చూడాలి. నాగలి కర్రు అరిగితే కమ్మరి కొలిమిలో దానికి పదును పెట్టించుకున్నాం గాని, నాగలి మొత్తాన్ని పొయ్యిలో పెట్టలేదు.

ఆ లెక్కలన్నీ చల్లని గదుల్లో వేసినవి. వేడి గ్రాఫైటు మీది పొర మందమయ్యే వేగాన్ని పెంచుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీలకు మించిన వేడిలో వాడవద్దని యాపిల్ చెబుతుంది. మన రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మధ్యాహ్నం పూట బైకు హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌ను తలుచుకోండి. నెత్తిన ఎండ, తెర నిండు వెలుతురుతో మ్యాప్ చూపిస్తోంది, కింద ఛార్జింగ్ వైరు పెట్టి ఉంది. ఇంటింటికీ భోజనం, సరుకులు తెచ్చే కుర్రాళ్ల ఫోన్లు రోజంతా ఇలాగే ఉంటాయి. ఆటో, కారు నడిపేవాళ్లవీ అంతే. వాళ్లకు ఫోన్ అంటే పనిముట్టు, ఆ రోజు కూలి. చల్లని దేశంలో మూడేళ్లు వచ్చే బ్యాటరీ మన దగ్గర అంతకాలం రాకపోతే ఆశ్చర్యం లేదు. బ్యాటరీ మార్పు అందరికన్నా ఎక్కువగా కావలసింది మనకే.

అరిగిన బ్యాటరీ తక్కువసేపు రావడంతో ఆగదు. లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, వీడియో కాల్ వచ్చినప్పుడో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాల్సి వస్తే వోల్టేజి జారిపోతుంది. 25 శాతం ఛార్జింగ్ చూపిస్తూనే ఫోన్ ఠక్కున ఆరిపోతుంది. ఇది చాలామంది చూసినదే. దీని చుట్టూ పెద్ద కథ ఒకటి జరిగింది.

2017 డిసెంబరులో యాపిల్ ఒక సంగతి ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ 6 వంటి ఫోన్లు అకస్మాత్తుగా ఆరిపోకుండా ఉండేందుకు, సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని చెప్పింది. ఆ వేగం తగ్గడం అంతకుముందు నుంచే జనానికి అనుభవంలో ఉంది. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫోన్ మందగించింది, పాతదైపోయింది అనుకుని ఎంతమంది కొత్త ఫోన్ కొన్నారో! బ్యాటరీ మార్చుకుంటే చాలునన్న ముక్క వాళ్లకు తెలియనే లేదు. తీవ్రమైన విమర్శ వచ్చాక కంపెనీ బ్యాటరీ మార్పు ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది, మన దేశంలోనూ తగ్గించింది. 2020లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ విషయంలో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది జరిమానా కాదు. 2019 జనవరి 2న యాపిల్ అధిపతి టిమ్ కుక్ తన వాటాదారులకు ఒక ఉత్తరం రాశారు. ఆ మూడు నెలల్లో అనుకున్నంత ఆదాయం రాలేదని చెబుతూ, అందుకు కారణాల్లో ఒకటిగా తక్కువ ధరకు బ్యాటరీ మార్పించుకున్న వినియోగదారులనూ ప్రస్తావించారు. బ్యాటరీ మార్పు చౌకగా దొరికితే జనం కొత్త ఫోన్ కొనడం వాయిదా వేస్తారని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? జనం చవకబారు మోజుతో రెండేళ్లకోసారి ఫోన్లు మారుస్తున్నారన్న నింద మనం తరచు వింటాం. ఆ నిందలో సగమైనా తప్పని ఈ ఉత్తరమే సాక్ష్యం. దారి చూపిస్తే జనం ఉన్నదాన్నే వాడుకుంటారు.

ఇక ఆ దారి మన వీధిలో ఎలా ఉందో చెబుతాను. హైదరాబాదు అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ ఉంది. సెల్‌ఫోన్ రిపేరుకు జంటనగరాల్లో దానికున్న పేరు మీకు తెలిసిందే. ఇరుకు వరసల్లో చిన్న చిన్న కౌంటర్లు, తల వంచుకుని పనిచేసే కుర్రాళ్లు. అక్కడ ఒక కౌంటర్ ముందు నిలబడి బ్యాటరీ మార్చడం మొదటి నుంచి చివరి దాకా చూశాను. అక్కడి కుర్రాడు ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి గాజు కింది జిగురు మెత్తబడేదాకా ఆగాడు. రబ్బరు కప్పు అంటించి పైకి లాగాడు. సన్నని ప్లాస్టిక్ పట్టీని సందులోకి దూర్చి అంచుల వెంట మెల్లగా తిప్పాడు. గాజు ఊడింది. లోపల చిన్న మరలు విప్పి, బ్యాటరీ తీగను విడదీశాడు. అప్పుడు వచ్చింది అసలు కష్టం. బ్యాటరీ కింద జిగురు. అంచుల్లో స్పిరిట్ చుక్కలు వేసి, కాసేపు ఆగి, ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా లేపాడు. లోహపు పనిముట్టుతో గట్టిగా ఎత్తితే రేకు సంచి చిరుగుతుంది, చిరిగితే మంట లేస్తుంది. మధ్యలో తల ఎత్తి నాతో అన్న మాట ఇది: "బ్యాటరీదేముంది సార్, పెట్టడం ఎంతసేపు! తెరవడానికే టైము, తెరవడానికే భయం."

ఆ భయానికి మనం డబ్బు కడుతున్నాం. వెనక గాజు పగిలితే ఆ నష్టమూ మనదే. తిరిగి అతికించాక నీళ్లు చొరబడకుండా మునుపటిలా బిగుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ మార్చాక తెర మీద ఇది గుర్తింపు లేని భాగం అన్న సందేశం కనిపిస్తుంది. పెట్టినది మంచి బ్యాటరీయే అయినా సరే. ఇలాంటి అడ్డంకుల మధ్య ఎటువంటి కంపెనీ శిక్షణా లేకుండా, సొంత నేర్పుతో పనిచేస్తున్న మన రిపేరు కుర్రాళ్లంటే నాకు గౌరవం. మన దేశంలో ఫోన్ల ఆయుష్షు నిలబెడుతున్నది వాళ్లే.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి దాన్నీ తేల్చుకుందాం. బ్యాటరీ ఊడేలా పెడితే ఫోన్ నీటికి ఆగదని అంటారు. ఇందాక చెప్పిన గెలాక్సీ ఎస్5ను తీసుకోండి. దాని వెనక మూత గోటితో ఊడుతుంది. మూత లోపల అంచు వెంట రబ్బరు పట్టీ. ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే ఐపీ 67 ప్రమాణం దానికుంది. అదే కంపెనీ గట్టి పనులు చేసేవాళ్ల కోసం అమ్ముతున్న ఎక్స్‌కవర్ ఫోన్లలో ఈ నాటికీ బ్యాటరీ చేత్తో తీయవచ్చు, నీటికీ ఆగుతాయి. నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2015 నుంచి ఇంట్లోనే భాగాలు విప్పి మార్చుకునే ఫోన్లు తయారు చేస్తోంది. అవి కొంచెం మందంగా ఉంటాయి. కెమెరా బొడిపె ఎంత ఎత్తుగా ఉన్నా మనం సర్దుకుపోతున్నాం కదా, ఈ కాస్త మందానికీ సర్దుకోగలం.

మూత గోటితో ఊడాల్సిందే అని నేను పట్టుబట్టను. మామూలు స్క్రూడ్రైవరుతో నాలుగు మరలు విప్పితే బ్యాటరీ చేతికి వస్తే చాలు. జిగురు తప్పదంటే, సులువుగా వదిలే జిగురు పెట్టవచ్చు. పట్టుకుని లాగితే సాగి ఊడివచ్చే అంటు పట్టీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో ఇంకో అడుగు వేశారు. చిన్న బ్యాటరీతో కొద్దిగా కరెంటు పంపితే జిగురు దానంతటదే పట్టు వదిలేస్తుంది. అంటే తెలివి లేక కాదు, తప్పనిసరి లేక ఇన్నాళ్లూ ఆగారు.

ఆ తప్పనిసరి ఐరోపా నుంచి వస్తోంది. ఐరోపా సమాఖ్య 2023లో బ్యాటరీల మీద కొత్త చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి. ఎలా తీయాలో కూడా చట్టమే చెప్పింది. అంగట్లో దొరికే పనిముట్లు చాలాలి. ప్రత్యేక పనిముట్లు కావాలంటే కంపెనీయే పరికరంతో పాటు ఉచితంగా ఇవ్వాలి. వేడి పెట్టడం, రసాయనాలు పోయడం పనికిరాదు. జగదీశ్ మార్కెట్ కుర్రాడు పడిన పాట్లు గుర్తున్నాయి కదా, వాటన్నిటినీ పేరుపేరునా కొట్టేసినట్టు ఉంటుంది ఆ వాక్యం. విడి బ్యాటరీలు ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం అయిదేళ్లు, అందుబాటు ధరకు దొరకాలి.

స్మార్ట్‌ఫోన్ల కోసం అక్కడ 2025 జూన్ 20 నుంచి వేరొక నియమావళి అమల్లోకి వచ్చింది. 800 సైకిళ్ల తర్వాత బ్యాటరీ 80 శాతం సామర్థ్యంతో ఉండాలని అందులో ఉంది. ఒక సడలింపూ ఉంది. బ్యాటరీ 500 సైకిళ్లకు 83 శాతం, 1,000 సైకిళ్లకు 80 శాతం నిలబడితే, ఫోన్ నీటిలో మునిగినా తట్టుకుంటే, దాని బ్యాటరీని నిపుణులు మాత్రమే మార్చేలా తయారు చేసుకోవచ్చు. పెద్ద కంపెనీలు ఎక్కువగా ఈ సందులోంచే నడుస్తాయని నా అనుమానం. అయినా నాకు అసంతృప్తి లేదు. జిగురు పెట్టుకుంటావా, అయితే ఎక్కువకాలం మన్నే బ్యాటరీ పెట్టు అని కంపెనీని నిలదీసినట్టే. ఆ ఫోన్లు మన దేశంలోనూ దొరుకుతాయి, ఆ మేలులో కొంత మనకూ వస్తుంది.

మన ప్రభుత్వం కూడా కొన్ని అడుగులు వేసింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం రోజున, రిపేరు హక్కు పోర్టల్ తెరిచారు. కంపెనీలు తమ సర్వీస్ సెంటర్ల వివరాలు, విడిభాగాల సమాచారం అందులో ఒకచోట పెట్టాలన్నది ఉద్దేశం. ఫోన్లకూ ఇతర పరికరాలకూ రిపేరు ఎంత సులువో మార్కుల రూపంలో చెప్పే సూచిక తేవాలని మరో కమిటీ వేశారు, దాని నివేదిక 2025లో అందింది. ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు చూసి కొంటున్నట్టే, ఫోన్ డబ్బా మీద ఈ మార్కులు చూసి కొనే రోజు రావాలి. ఆ మార్కుల్లో బ్యాటరీకి పెద్ద వాటా ఉండాలి. కంపెనీలు తమకు తామే వేసుకునే మార్కులను ఎవరో ఒకరు సరిచూసే ఏర్పాటూ ఉండాలి. ఇది నేను గట్టిగా కోరుతున్నాను. మన తిరుపతిలోనే ఫోన్లకు పనికొచ్చే లిథియం సెల్స్ తయారుచేసే కర్మాగారం 2022లో మొదలైంది. మంచి విడి బ్యాటరీలు మన దగ్గరే తయారై, ఊరి కొట్లో అసలు సరుకుగా దొరికితే నకిలీల భయం చాలా వరకు తగ్గుతుంది.

అంతవరకూ మనం చేసుకోగలిగింది చేసుకుందాం. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా గురించి అడిగినట్టే బ్యాటరీ మార్చడానికి ఎంత అవుతుంది, సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా, ఎన్నేళ్లు విడి బ్యాటరీ దొరుకుతుంది అని కొట్లోనే అడగండి. ఫోన్ మందగించిందనిపిస్తే కొత్తది కొనే ముందు సెట్టింగుల్లో బ్యాటరీ ఆరోగ్యం చూడండి. 80 శాతానికి దిగువన ఉంటే ముందు బ్యాటరీ మార్పించి చూడండి. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సదుపాయం మీ ఫోన్‌లో ఉంటే వాడుకోండి. ఎండలో బైకు మీద వెళ్తూ ఛార్జింగ్ పెట్టకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా పాటించండి. ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపించినా, తెర అంచు పైకి లేచినా లోపల బ్యాటరీలో గ్యాస్ చేరిందని అర్థం. దాన్ని చేత్తో నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో పొడవకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆపేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. చెత్త బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది, ఆ బండి మీద పనిచేసేవాళ్లు మన పాపానికి బలవుతారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీ కంపెనీలది. కాబట్టి సర్వీస్ సెంటర్‌లో పాత బ్యాటరీని తీసుకోమని అడగడానికి మొహమాటపడకండి.